మాంచెస్టర్‌లో ఆ నలభై మంది: పంక్ మొదలైన రోజులు, మన విజయనగరం

పెద్దచెరువు_గట్టు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. షాపు షట్టర్ దించి ఇంటికెళ్ళాక కూడా అదే వింటున్నాను, అదే చదువుతున్నాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1976 జూన్ 4, శుక్రవారం రాత్రి. ఇంగ్లండులోని మాంచెస్టర్. అక్కడ ఫ్రీ ట్రేడ్ హాల్ అని పెద్ద కచేరీ భవనం. అదే భవనంలో పైన ఇంకో చిన్న హాలు ఉండేది, లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అని. ఆ రాత్రి అక్కడ సెక్స్ పిస్టల్స్ అనే లండన్ పంక్ బ్యాండు వాయించింది. టికెట్ 50 పెన్స్. వచ్చింది సుమారు నలభై మంది. మన దగ్గర బారసాలకి కూడా అంతకంటే ఎక్కువమందే వస్తారు.

ఆ నలభై మందిలో ఎవరున్నారో చూడండి. పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ అనే ఇద్దరు స్నేహితులు. హుక్ మర్నాడే వెళ్ళి బేస్ గిటార్ కొనుక్కున్నాడు. తర్వాత జాయ్ డివిజన్ అన్న బ్యాండు వాళ్ళదే. ద ఫాల్ బ్యాండు పెట్టిన మార్క్ ఇ. స్మిత్ ఉన్నాడు. తర్వాత ద స్మిత్స్‌లో పాడిన మోరిస్సీ ఉన్నాడు, అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు. ఇక కార్యక్రమం పెట్టినవాళ్ళు హోవార్డ్ డివోటో, పీట్ షెల్లీ. బజ్‌కాక్స్ బ్యాండు వాళ్ళది.

పేర్లు అలా ఉంచండి. హాలు ఎవరు బుక్ చేశారన్న దగ్గరే నేను ఆగిపోయాను. డివోటో, షెల్లీ ఇద్దరూ పక్క ఊరు బోల్టన్‌లో చదువుకుంటున్న విద్యార్థులు. ఆ ఫిబ్రవరిలో ఒక సంగీత వారపత్రికలో సెక్స్ పిస్టల్స్ మీద చిన్న సమీక్ష చదివారు. కారేసుకుని లండన్ వైపు వెళ్ళి, వాళ్ళ వాయింపు చూసొచ్చారు. తర్వాత వాళ్ళని "మా ఊరు రండి" అని పిలిచి, హాలు వీళ్ళే అద్దెకి తీసుకున్నారు. ఆ రోజు తమ బ్యాండు కూడా వాయించాలని వాళ్ళ ఆశ. మనుషులు కుదరలేదు, తయారు కాలేకపోయారు. అయినా కార్యక్రమం ఆపలేదు. ముందు వాయించడానికి వేరే బ్యాండుని పెట్టి నడిపించేశారు.

మన విజయనగరంలో పాడేవాళ్ళకి, వాయించేవాళ్ళకి కొదవ లేదు. కానీ ఇంకా చెయ్యి తిరగనివాడు నలుగురి ముందు నిలబడి వాయించడానికి ఒక గది ఉందా? ఇరవై ఏళ్ళ క్రితం నేనూ ఇద్దరు స్నేహితులూ బ్యాండు పెడదామనుకున్నాం. ఇంట్లో వాయిస్తే పక్కింటివాళ్ళతో గొడవ. కల్యాణమండపం అడిగితే పెళ్ళి రేటు చెప్పారు. ఆరు నెలలు తిరిగేసరికి ఒకడు బెంగళూరు, ఒకడు దుబాయ్ వెళ్ళిపోయారు. నా గిటార్ అటకెక్కింది. మొన్న దించాను. కింది రెండు తీగలు తుప్పు పట్టి, వేలు పెడితే గోధుమరంగు పొడి అంటుకుంది.

మాంచెస్టర్‌లో ఆ మొదటి ఏడాది ఏం జరిగిందో తెలిసినవాళ్ళు రాయండి. మన ఊరితో పోల్చి మాట్లాడినా సంతోషమే.

డ్రమ్స్_అమ్మాయి
శనివారం, రాత్రి 9:31

అన్నా, పంక్ అన్న పేరు వినడమే గానీ అదేంటో నాకు సరిగ్గా తెలీదు. జుట్టు నిక్కబొడుచుకుని, చొక్కాకి పిన్నీసులు పెట్టుకోవడమేనా? వాయింపులో తేడా ఏంటి? నేను కంటోన్మెంట్ వైపు ఒక చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను. బీటు ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండి.

ఆర్కెస్ట్రా_కీబోర్డు
శనివారం, రాత్రి 9:58

నేను చెబుతానమ్మా. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళకీ, అమ్మవారి పండగలకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. ఈ సంగీతం మీద నాకు పాత ఇష్టం.

1970ల మొదట్లో రాక్ సంగీతం బాగా బరువెక్కిపోయింది. ఒక్కో పాట పది, పదిహేను నిమిషాలు. మధ్యలో పొడుగాటి గిటార్ సోలోలు, లారీల నిండా సామాను, స్టేడియంలలో కచేరీలు. చూసిన కుర్రాడికి "ఇది మన వల్ల అయ్యే పని కాదు" అనిపించేది. దానికి ఎదురుగా పుట్టిందే పంక్: పొట్టి పాటలు, ఆగని వేగం. ఆ టైములో న్యూయార్క్‌లో, బవరీ అనే వీధిలో, 1973 చివర్లో సీబీజీబీ అని ఒక ఇరుకు బారు తెరిచారు. 1974లో రమోన్స్ అనే నలుగురు అక్కడ వాయించడం మొదలుపెట్టారు. 1976 ఏప్రిల్‌లో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. రికార్డింగ్‌కి అయిన ఖర్చు సుమారు 6,400 డాలర్లు. పెద్ద బ్యాండులు పెట్టే ఖర్చు ముందు అది ఏ మూలకీ రాదు.

బీటు అంటావా, లెక్క చాలా సులువు. నాలుగు మాత్రల్లో స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్ము) రెండో దాని మీద, నాలుగో దాని మీద. హై-హాట్ (జంట తాళాలు) ఆగకుండా పరుగు. కష్టమల్లా వేగం తగ్గకుండా ఆ పరుగు నిలబెట్టడంలోనే ఉంది. రమోన్స్ గిటారిస్టు జానీ రమోన్ తీగల మీద చెయ్యి ఎప్పుడూ కిందకే కొడతాడు, మామూలుగా కొట్టినట్టు కిందకీ పైకీ కాదు. నేను ఒకసారి ప్రయత్నించాను. రెండు పాటలకే మణికట్టు పట్టేసింది. పైకి సులువుగా కనిపిస్తుంది గానీ ఒళ్ళు వంచాల్సిన పని.

పిన్నీసుల సంగతి నిజమే. చిరిగిన బట్ట కలపడానికి చేతికందినది అదే. తర్వాత షోకు అయింది.

ఫిడేలు_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:05

నాయనా, రాత్రి మీరు రాసినదంతా తీరిగ్గా చదివాను. ఒక మాట చెప్పాలనిపించింది, తప్పుగా అనుకోకండి.

ఈ ఊళ్ళో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రధానాచార్యులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు చెప్పారు, తర్వాత ప్రధానాచార్యులయ్యారు. ఘంటసాలగారు ఈ వీధుల్లోనే జోలె పట్టి, మధుకరం చేసి కడుపు నింపుకుని చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయన్ని కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. అంత ఆకలి ఓర్చుకుని నేర్చుకున్న విద్య అది. నేను కూడా సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణం పట్టేసరికి నాలుగేళ్ళయింది. ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాచాయి.

ఈ పంక్ వాళ్ళలా గిటార్ మీద మూడు కార్డులు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు, నేర్చుకుని వేదిక ఎక్కడమంటే నాకు మనసొప్పడం లేదు. వినేవాడి చెవికి మనం బాకీ ఉన్నాం. శ్రుతి కలవనిది వాడి చెవిన వెయ్యకూడదు. మీరు చెబుతున్న దానిలో ఆ బాధ్యత ఎక్కడుంది?

పెద్దచెరువు_గట్టు
ఆదివారం, ఉదయం 8:40

మాస్టారూ, నమస్కారం. మీరు రాసినందుకు చాలా సంతోషం. మీ ప్రశ్నకి సమాధానం నా దగ్గర పూర్తిగా లేదు.

ఒక్కటి మాత్రం చెప్పగలను. 1977 జనవరిలో ఇంగ్లండులో సైడ్‌బర్న్స్ అని అభిమానులే అచ్చు వేసుకునే చిన్న పత్రిక ఒకటి మూడు కార్డుల బొమ్మలు వేసింది. ఏ, ఈ, జీ. చేత్తో గీసిన అడ్డదిడ్డం గీతలు. మూడూ నేర్చుకున్నారుగా, ఇక బ్యాండు పెట్టండి అని కింద రాసింది. నేర్చుకోవద్దని దాని అర్థం కాదండీ. నలుగురిలో నిలబడి నేర్చుకో అని. జాయ్ డివిజన్ మొదటి కచేరీకీ, రెండేళ్ళ తర్వాత వచ్చిన ఆల్బమ్‌కీ మధ్య ఆ కుర్రాళ్ళు ఎంత మారిపోయారో వింటే తెలుస్తుంది. ఆ మొదటి కచేరీ 1977 మే 29న, ఎలక్ట్రిక్ సర్కస్ అనే చోట, బజ్‌కాక్స్‌కి ముందు వాయించారు. అప్పుడు వాళ్ళ పేరు వార్సా.

బొబ్బిలి_టు_మాంచెస్టర్
ఆదివారం, మధ్యాహ్నం 2:17

బొబ్బిలివాణ్ణి. ఆరేళ్ళుగా మాంచెస్టర్‌లో ఉద్యోగం. ఈ చర్చ చూసి నిన్న సాయంత్రం పని కట్టుకుని పీటర్ స్ట్రీట్‌కి వెళ్ళాను.

ఫ్రీ ట్రేడ్ హాల్ ఇప్పుడు హోటలు. ముందు గోడ మాత్రం పాతదే ఉంచారు. లేత పసుపు రాయి, వాన నీళ్ళు కారి అక్కడక్కడా నల్లబడింది. వరసగా కమానులు. నేను వెళ్ళేసరికి సన్నగా జల్లు. తలుపు దగ్గర సూట్‌కేసులు దింపుకుంటున్నారు. లోపలికెళ్ళి అడిగితే చిన్న హాలు ఉన్న చోటు ఇప్పుడు గుర్తుపట్టలేమన్నారు. గోడకి ఎర్ర ఫలకం ఒకటి ఉంది. అది 1819 ఆగస్టు 16 గురించి. ఓటు హక్కు అడగడానికి ఇక్కడ మైదానంలో చేరిన జనం మీదికి గుర్రపు దళం కత్తులు దూసి దూకింది. దాన్నే పీటర్లూ అంటారు. ఆ నేల మీదే 1850లలో ఈ హాలు కట్టారు.

మాస్టారు గారికి ఒక సంగతి. ఇదే భవనంలో పెద్ద హాల్లో 1966 మే 17న అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పాడాడు. మొదట్లో జానపద గిటార్‌తో పాడినవాడు, ఆ రోజు రెండో భాగంలో కరెంటు గిటార్ పట్టుకున్నాడు. జనంలోంచి ఒకడు "జూడాస్" అని అరిచాడు, ద్రోహి అని. పదేళ్ళ తర్వాత అదే కప్పు కింద, పై గదిలో, పంక్. ఈ గోడలకి కొత్తదాని మీద కోపం కొత్త కాదండీ.

ఇంకో మాట. నలభై మంది అన్నది సుమారు లెక్కే. ఆ రాత్రి నేనున్నాను అని చెప్పుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమందో! వాళ్ళందరూ వచ్చి ఉంటే పెద్ద హాలు కూడా చాలదు. జూలై 20న సెక్స్ పిస్టల్స్ మళ్ళీ వచ్చినప్పుడు జనం బాగా వచ్చారు. బజ్‌కాక్స్ మొదటిసారి వాయించింది ఆ రోజే. చాలామంది జ్ఞాపకాల్లో రెండు రాత్రులూ కలిసిపోయాయి. ఇక్కడి గ్రెనడా టీవీలో అప్పట్లో పనిచేసిన టోనీ విల్సన్ మొదటి రోజే ఉన్నాడా, రెండో రోజు వచ్చాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఏదైనా, సెక్స్ పిస్టల్స్‌ని మొదట టీవీలో చూపించింది అతని కార్యక్రమమే. 1978లో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ మొదలుపెట్టినవాళ్ళలో అతను కూడా ఉన్నాడు.

డ్రమ్స్_అమ్మాయి
ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆ గోడ ఫోటో పెట్టండి అన్నా, ప్లీజ్.

నాగావళి_ఒడ్డు
ఆదివారం, సాయంత్రం 7:22

శ్రీకాకుళం నుంచి. మాస్టారికి నమస్కారాలు.

మూడు కార్డులు తక్కువ అనుకుంటున్నాం గానీ, మన జముకుకి ఉన్నది ఒక్క నరమే. చూడనివాళ్ళ కోసం చెబుతాను. చిన్న కుంచం లాంటి గుండు, ఒక పక్క తోలు మూత, రెండో పక్క ఖాళీ. తోలు నడి మధ్యలోంచి ఒక నరం బయటికి వస్తుంది, దాని చివర చిన్న పుల్ల కట్టి ఉంటుంది. గుండుని చంకలో ఇరికించి, ఎడమచేత్తో పుల్ల పట్టి నరాన్ని లాగుతూ, కుడిచేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందకి జారుతుంది. "జుం" అన్న ఆ మోత చెవికంటే ముందు పక్కటెముకలకి తగులుతుంది. మా అమ్మమ్మ ఊళ్ళో చిన్నప్పుడు కథకుడి కాళ్ళ దగ్గరే కూర్చుని విన్నాను. వాయిస్తున్నాయన చంక దగ్గర చొక్కా రాపిడికి చిరిగి, లోపలి బనీను కనిపిస్తోంది. ఆ చిరుగు నాకు ఇప్పటికీ గుర్తు.

అమ్మవారి కథలు చెప్పే ఆ జముకునే సుబ్బారావు పాణిగ్రాహి చేతికి తీసుకున్నాడు. బొడ్డపాడులో గుడి పూజారి. రైతుకూలీల కష్టం జముకుల కథగా కట్టి ఊరూరా చెప్పాడు. 1969 డిసెంబరులో చంపేశారు. ఆ తర్వాత పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చాడు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. ఆయన పాటలో మన మాండలికం అలాగే ఉంటుంది, పట్నం వాళ్ళ కోసం సాపు చెయ్యలేదు. 2020 ఆగస్టు 4న పోయారు. ఆ రోజు మా వీధిలో రెండిళ్ళలో ఆయన పాటలే పెట్టుకున్నారు.

మాంచెస్టర్ కుర్రాళ్ళకి వీళ్ళు తెలుసని నేను అనడం లేదు. రెంటికీ సంబంధం లేదు, కారణాలూ వేరు. ఇక్కడ పాట పాడినందుకు ప్రాణాలే పోయాయి. ఆ తేడా మరిచిపోయి పోల్చకూడదు. నా మాటల్లా ఒకటే. చేతికందిన వాయిద్యం, నోటికొచ్చిన యాస, ఎదురుగా మన మనుషులు. ఇంతతో పాట నిలబడగలదని మన జిల్లాలకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

నెల్లిమర్ల_మనవడు
ఆదివారం, రాత్రి 10:05

అన్నా, అక్కా, ఎవరైనా సరే, ఈ చివరి మాటలకి నా దండం.

మాంచెస్టర్ నూలు మిల్లుల ఊరు. 1800లలో దాన్ని పత్తి రాజధాని అనేవారు. 1970లకి ఆ మిల్లులూ గోదాములూ చాలా వరకు మూతపడి, ఖాళీ ఇటుక గోడలు మిగిలాయి. జాయ్ డివిజన్ రిహార్సల్ చేసుకున్నది అలాంటి ఒక పాత గోదాములోనే. అక్కడి మగ్గాల మోతలో మాట వినపడక ఆ మిల్లుల ఆడవాళ్ళు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారట. ఇది చదివి నేను ఫోను పక్కన పెట్టేశాను. మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేశారు. ఇంట్లో కూడా చేత్తో సైగ చేసేవారు. మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి వైపు, లైటు ఆర్పమంటే పిడికిలి తిప్పడం. మిల్లు అలవాటు పోలేదు అని మామ్మ చెప్పేది. ఒంటి మీద గోగునార వాసన స్నానం చేసినా పోయేది కాదు.

ఆ మోతలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి గట్టిగా వాయించే సంగీతం గొడవలా వినపడదేమో. తాత ఉండి ఉంటే ఒక పాట వినిపించి అడిగేవాణ్ణి.

మాంచెస్టర్ గురించి ఇంకో సంగతి. 1976 డిసెంబరు 1న టీవీలో సెక్స్ పిస్టల్స్ బూతులు మాట్లాడారు. దేశమంతా గగ్గోలు. వాళ్ళ పర్యటనలో చాలా ఊళ్ళు కచేరీలు రద్దు చేసేశాయి. మాంచెస్టర్‌లోని ఎలక్ట్రిక్ సర్కస్ మాత్రం ఆ నెలలోనే రెండుసార్లు వాయించనిచ్చింది. ఒక ఊరి మనసు అలాంటప్పుడే తెలుస్తుంది.

పెద్దచెరువు_గట్టు
సోమవారం, రాత్రి 9:50

ఇవాళ షాపులో బేరాల మధ్య ఒకటే పని, బజ్‌కాక్స్ మొదటి రికార్డు కథ చదవడం. పేరు స్పైరల్ స్క్రాచ్. నాలుగు పాటలు. 1976 డిసెంబరు 28న, ఒక్క రోజులో రికార్డు చేశారు. మార్టిన్ హానెట్ అనే కుర్రాడు రికార్డింగ్ చూశాడు. డబ్బు 500 పౌండ్లు, ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా అప్పు చేసినది. అందులో సగం షెల్లీ వాళ్ళ నాన్న ఇచ్చాడు. పెద్ద కంపెనీ ఏదీ లేదు. న్యూ హార్మోన్స్ అని వాళ్ళే ఒక పేరు పెట్టుకుని 1977 జనవరి చివర్లో వెయ్యి కాపీలు వేయించారు. ఆ వెయ్యీ అయిపోయి, మళ్ళీ మళ్ళీ వేయించి, మొత్తం 16,000 వరకు అమ్మారు. అట్ట మీది ఫోటో ఊళ్ళోనే ఒక విగ్రహం మెట్ల దగ్గర పోలరాయిడ్ కెమెరాతో తీసినది. వెనక అట్ట మీద ఏ పాట ఎన్నో టేకులో కుదిరిందో కూడా అచ్చు వేశారు. దాచుకోవడానికి ఏమీ లేదు, మీరూ ఇలా చేసుకోవచ్చు అని చెప్పినట్టు.

వాళ్ళ నాన్న ఇచ్చిన ఆ 250 పౌండ్ల దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. మా నాన్న నా గిటార్‌కి డబ్బులిచ్చిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఈ షాపు ఆయనదే, టీవీలు బాగుచేసేవారు. గల్లాలోంచి తీసి లెక్కపెట్టకుండా ఇచ్చారు.

ఆర్కెస్ట్రా_కీబోర్డు
సోమవారం, రాత్రి 10:20

ఆ రికార్డులో ఒక పాట మధ్య గిటార్ సోలో వస్తుంది, అందులో రెండే స్వరాలు. తిప్పి తిప్పి అవే. మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్ పాడైందనుకున్నాను. నాలుగోసారి వినేసరికి ఆ రెండూ లేకపోతే పాటే లేదనిపించింది. మాస్టారూ, వీలైతే ఒకసారి వినండి.

డ్రమ్స్_అమ్మాయి
మంగళవారం, సాయంత్రం 5:15

నాకు ఆడవాళ్ళ గురించి తెలుసుకోవాలనిపించి రెండు రోజులుగా వెతుకుతున్నాను. లండన్‌లో 1976లో ద స్లిట్స్ అని బ్యాండు మొదలైంది. అందరూ అమ్మాయిలే. పాడిన ఆరీ అప్‌కి అప్పటికి పద్నాలుగేళ్ళు! ఎక్స్-రే స్పెక్స్‌లో పాడిన పాలీ స్టైరీన్ తండ్రి సోమాలియా మనిషి. ఆమె పళ్ళకి క్లిప్పులు పెట్టుకునే స్టేజి ఎక్కేది. మాంచెస్టర్‌లో లిండర్ అని ఆర్ట్ విద్యార్థిని పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి అతికించేది. 1977లో బజ్‌కాక్స్ రికార్డు అట్ట కోసం ఆమె చేసిన బొమ్మలో ఒక ఆడమనిషికి తల స్థానంలో ఇస్త్రీపెట్టె ఉంటుంది. అది చూసి మా అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఎవరో తెలిసినమ్మే చేసింది" అంది.

నేను ఎందుకు వెతికానో చెబుతాను. కిందటేడు ఒక కాలేజీ ఫంక్షన్‌లో నా పేరు ఇచ్చాను. రిహార్సల్ రోజు అక్కడి సారు ఒకరు "ఆడపిల్లవి, డ్రమ్స్ ఎందుకమ్మా, పాట పాడు" అని నా చేతిలో కర్రలు తీసి పక్కన పెట్టారు. కోప్పడలేదు, నవ్వుతూనే అన్నారు. నేను కూడా నవ్వి పాట పాడాను. ఆ పాట ఏదో ఇప్పుడు గుర్తులేదు. బల్ల మీద పెట్టిన ఆ కర్రలు మాత్రం కళ్ళ ముందే ఉన్నాయి.

నాగావళి_ఒడ్డు
మంగళవారం, సాయంత్రం 5:38

ఆ కర్రలు ఇంక ఎవరికీ ఇవ్వకు తల్లీ.

నెల్లిమర్ల_మనవడు
మంగళవారం, రాత్రి 8:55

చెల్లీ, నువ్వు రాసింది చదివి మనసు కలుక్కుమంది.

ఇంకోటి కూడా మాట్లాడుకోవాలి. మొదటి రోజుల్లో లండన్ పంక్ వాళ్ళలో కొందరు హిట్లర్ పార్టీ గుర్తు చేతికి కట్టుకుని తిరిగారు. పెద్దవాళ్ళని ఉడికించడానికి అంటారు. అది తప్పే, ఏ కారణం చెప్పినా నేను ఒప్పుకోను. యుద్ధంలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఆ వీధుల్లోనే ఉన్నాయి.

అయితే ఆ సంగీతమే ఎదురు కూడా తిరిగింది. 1976 ఆగస్టులో పేరున్న రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదిక మీద వలస వచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా మాట్లాడాడు. దాని మీద కోపంతో రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం అనే ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో ద క్లాష్, ఎక్స్-రే స్పెక్స్, స్టీల్ పల్స్ వాయించారు. అదే ఏడాది జూలై 15న మాంచెస్టర్ అలెగ్జాండ్రా పార్కులో బజ్‌కాక్స్, స్టీల్ పల్స్. తెల్ల కుర్రాళ్ళ పంక్, నల్ల కుర్రాళ్ళ రెగే (జమైకా నుంచి వచ్చిన సంగీతం) ఒకే వేదిక మీద. మన బొబ్బిలి తమ్ముడు ఇవాళ ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతున్నాడంటే, ఆ రోజు పార్కుకి వెళ్ళినవాళ్ళ పాత్ర కొంచెమైనా ఉంది.

బొబ్బిలి_టు_మాంచెస్టర్
మంగళవారం, రాత్రి 11:48

ఉందన్నా. ఆ పార్కు పక్క నుంచే నా బస్సు వెళ్తుంది. రేపు దిగి చూస్తాను.

ఫిడేలు_మాస్టారు
బుధవారం, ఉదయం 6:20

కీబోర్డు నాయన చెప్పిన పాట మనవడి చేత పెట్టించుకుని విన్నాను. మూడుసార్లు.

నిజం చెబుతాను. గొంతు నాకు నచ్చలేదు. కానీ ఆ రెండు స్వరాల దగ్గర కూర్చున్నచోటే నిటారుగా అయ్యాను. వాడికి రెండే వచ్చునని వాయించలేదు, రెండు చాలునని వాయించాడు. శ్రుతి కలిసే ఉంది. లయ ఎక్కడా జారలేదు. నేను అడిగిన బాధ్యత ఆ లయలో నాకు కనబడింది.

ఇంకో సంగతి రాత్రంతా ఆలోచించాను. నా దగ్గర నలభై ఏళ్ళలో ఎంతోమంది నేర్చుకున్నారు. సగంలో మానేసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో తెలివితక్కువవాళ్ళు లేరు. వర్ణం వచ్చేదాకా ఎవరి ముందూ వాయించవద్దని నేనే చెప్పేవాణ్ణి. నాలుగేళ్ళపాటు వాళ్ళు గోడకి వాయించారు. ఒక పిల్లవాడు, మంచి చెయ్యి, మూడో ఏడు ఫిడేలు పెట్టె తెచ్చి నా అరుగు మీద పెట్టి, "ఎవరూ వినడం లేదు మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. అప్పుడు వాడికి బద్ధకం అనుకున్నాను.

నా పద్ధతి నేను మార్చుకోను, ఈ వయసులో అది నా చేత కాదు. కానీ పెద్దచెరువు నాయన అడిగిన గది ఉంటే నేను వచ్చి వింటాను.

పెద్దచెరువు_గట్టు
బుధవారం, రాత్రి 10:30

మాస్టారూ, మీ మాట చదివి ఇవాళ షాపు గంట ముందే మూసేశాను.

షాపు మీద ఒక గది ఉంది. నాన్న హయాంలో బాగుచెయ్యడానికి వచ్చి, ఎవరూ తీసుకెళ్ళని పాత టీవీలు అందులో ఉన్నాయి. కొలిచాను. పదహారడుగులు, పన్నెండడుగులు. రెండు కిటికీలు. టీవీలు గోడ వారకి పేర్చేస్తే ముప్పై మంది కూర్చోవచ్చు, కుర్చీలు లేకుండా చాప మీద. చుట్టూ అన్నీ షాపులే, ఆదివారం సాయంత్రం మూసి ఉంటాయి, గొడవ అని అనేవాళ్ళు ఉండరు. అద్దె అక్కర్లేదు. గిటార్‌కి కొత్త తీగలు ఇవాళే వేశాను.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు. నేను రెండు పాటలు వాయిస్తాను. సరిగ్గా రావు, అయినా వాయిస్తాను. తెలుగులో ఒకటి రాస్తున్నాను, ఈ టీవీల గురించే.

ఆర్కెస్ట్రా_కీబోర్డు
బుధవారం, రాత్రి 10:41

చిన్న యాంప్ ఒకటి, రెండు మైకులు నావి తెస్తాను. బాక్సులు వద్దు, ఆ గదికి ఎక్కువైపోతాయి. ప్లగ్ పాయింట్లు ఎన్నున్నాయో చూసి పెట్టండి, ఎర్తింగ్ కూడా చూడండి. పాత వైరింగ్‌లో మైకు పెదవికి తగిలి షాక్ కొట్టిన రోజులున్నాయి.

నాగావళి_ఒడ్డు
బుధవారం, రాత్రి 10:55

జముకు వాయించే ఒకాయన తెలుసు. అడిగి చూస్తాను. ఆయనకి బస్సు ఛార్జీలూ, ఇవ్వాల్సిన సంభావనా నేను చూసుకుంటాను. ఉత్త చేతులతో పంపడం నాకు ఇష్టం లేదు.

ఫిడేలు_మాస్టారు
గురువారం, ఉదయం 5:50

నాకు కింద కూర్చోవడం కష్టం నాయనా, ఒక్క కుర్చీ ఉంచు. మొదలుపెట్టే ముందు గిటార్ ఒకసారి నా చేతికివ్వు, శ్రుతి చూసి ఇస్తాను.

డ్రమ్స్_అమ్మాయి
గురువారం, ఉదయం 7:30

మా పాస్టరుగారిని అడిగాను. పాత సెట్టు తీసుకెళ్ళమన్నారు, సోమవారానికి తిరిగి పెట్టెయ్యాలి. ఆటోలో నేనూ తమ్ముడూ తెస్తాం. అన్నా, మెట్లు ఇరుకా? బేస్ డ్రమ్ 22 అంగుళాలు. పడుతుందా?

పెద్దచెరువు_గట్టు
గురువారం, ఉదయం 7:44

ఇప్పుడే టేపు పెట్టి చూశాను. మెట్లు రెండున్నర అడుగుల వెడల్పు. మలుపు దగ్గర కొంచెం వాల్చి తిప్పాలి. పడుతుంది.